ఆమ్లజని దాహము గల లోహము

హాంబర్గు నగరమునకు ఎల్బే నదీతీరపు రేవు వలన ప్రసిద్ధి కలిగినది. నౌకలను, ఎఱ్ఱ ఇటుకల గిడ్డంగులను, కాలువలను చూడవచ్చిన యాత్రికులు నగరపు పడమటి భాగమున నున్న బారెన్‌ఫెల్డు పేట వైపు సాధారణముగా పోరు. ఆ పేటలో 1959 డిసెంబరు 18వ తేదీన స్థాపితమైన డేజీ అను పరిశోధన సంస్థ కలదు. ఆ సంస్థ ఆవరణలో మొదలై, వీధుల క్రిందుగా, ఇండ్ల పునాదుల క్రిందుగా 3.4 కిలోమీటర్ల దూరము సాగి, పొరుగు రాష్ట్రములోని షేనెఫెల్డు పట్టణమున ముగియు భూగర్భ యంత్రమొకటి 2017 సెప్టెంబరు 1వ తేదీ నుండి శాస్త్రజ్ఞులకు అందుబాటులో నున్నది. దాని పేరు యూరోపియన్ ఎక్స్‌ఎఫ్‌ఈఎల్. అది సెకనుకు 27,000 ఎక్స్-కిరణ స్ఫురణములను వెలువరింపగలదు. అణువులు ఒకదానితో నొకటి కలియుట, విడివడుట మొదలగు క్షణికవ్యాపారములను ఆ వెలుగులో పట్టి చూచుచున్నారు.

ఈ యంత్రమును గూర్చి వ్రాయువారందరును నయోబియము అను లోహమును స్తుతింతురు. అది న్యాయమే. ఆ ఎక్స్-కిరణములను వెలువరించు ఎలక్ట్రానులను 1750 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వఱకు తఱిమికొనిపోవునది నయోబియపు అనునాద కుహరములే. కాని ఈ అధ్యాయమున నేను చెప్పదలచినది ఆ నయోబియమును చుట్టియున్న తొడుగును గుఱించి. ఆ తొడుగు టైటానియముతో చేయబడినది. అదియును విమానములలో వాడు మిశ్రలోహము కాదు, వర్తకులు గ్రేడు 2 అని పిలుచు శుద్ధ టైటానియము. ఒక వస్తువును రూపొందించువాడు ఒక పదార్థమును ఏల ఎన్నుకొనునో, ఎన్నుకొన్న పదార్థపు స్వభావమునకు లొంగి తన రూపకల్పనను ఎట్లు దిద్దుకొనవలెనో తెలిసికొనుటకు ఇంతకంటె చక్కని ఉదాహరణము నాకు కనబడలేదు.

ముందుగా ఆ కుహరమును దగ్గఱగా చూతము. సొరంగములో పసుపు రంగు పూసిన గొట్టములు వరుసగా బారులు తీరి యుండును. ఒక్కొక్కటి సుమారు 12 మీటర్ల పొడవుగలది, అట్టివి దాదాపు నూఱు. ఒక్కొక్క గొట్టములో ఎనిమిది కుహరములు కలవు. కుహరమనగా తొమ్మిది ఉబ్బులుగల బోలు లోహనాళము. పొడవు మీటరుకు కొంచెము పైన, రేకు మందము 2.8 మిల్లీమీటర్లు. అందులో సెకనుకు 130 కోట్ల ఆవృత్తులతో దిశ మార్చుకొను విద్యుత్‌క్షేత్రమును నిలిపెదరు. నయోబియము పరమశూన్య ఉష్ణోగ్రత కంటె సుమారు 9 కెల్విన్‌ల పైవఱకే అతివాహకముగా, అనగా విద్యుత్తును నిరోధము లేక మోయునదిగా, నుండును గనుక, ఆ నాళములను ద్రవ హీలియములో ముంచి 2 కెల్విన్‌లకు, అనగా సున్నకు దిగువ 271 సెంటీగ్రేడు డిగ్రీలకు, చల్లార్చుదురు. ఆ హీలియమును కుహరము చుట్టును నిలుపు పాత్రయే మన టైటానియపు తొడుగు. డేజీలోని యంత్రజ్ఞులు దానిని హీలియపు టాంకు అందురు.

చలికి ప్రతి లోహమును కుంచించుకొనును. ఆ కుంచింపు లోహమునకొక తీరుగా నుండుటయే రూపకర్తకు కలుగు చిక్కు. గది ఉష్ణోగ్రత నుండి హీలియపు ఉష్ణోగ్రత వఱకు దిగునప్పుడు నయోబియము వేయింట 1.43 వంతులు పొట్టి యగును. టైటానియము వేయింట 1.51 వంతులు. స్టెయిన్‌లెస్ స్టీలు వేయింట సుమారు 3 వంతులు. అల్యూమినియము 4 వంతుల పైన. మీటరు పొడవునకు లెక్కవేసినచో, టైటానియమునకు నయోబియమునకు భేదము మిల్లీమీటరులో పదవ వంతు కూడ లేదు. స్టీలునకు నయోబియమునకు భేదము మిల్లీమీటరున్నర. చదువరికి ఈ మిల్లీమీటరున్నర స్వల్పముగా తోచవచ్చును. కాని ఆ కుహరము తన పొడవులో ఒక్క మైక్రాను, అనగా మిల్లీమీటరులో వేయవ వంతు, మారినచో దాని అనునాద పౌనఃపున్యము సెకనుకు సుమారు 300 ఆవృత్తుల మేర తప్పిపోవును. కుహరము శక్తిని గ్రహింపగల పౌనఃపున్యముల వెడల్పే ఇంచుమించు అంత మాత్రము. ఒక్క మైక్రాను జాఱినచో శ్రుతి తప్పును. వేయిన్ని అయిదువందల మైక్రాన్‌ల మేర రెండు లోహములు ఒకదానినొకటి నొక్కుకొనుచుండగా ఆ శ్రుతిని నిలుపుట ఎంత కష్టమో ఊహింపవచ్చును.

శ్రుతి సరిచేయుటకు మోటారుతో నడచు అమరిక యొకటి, అతిసూక్ష్మముగా సాగునట్టి పీజో స్ఫటికములు కొన్ని ప్రతి కుహరమునకును కలవు. తొడుగులో ముడుతలుగల బెల్లో యొకటి కూడ ఉన్నది. అది వంగుట వలన కుహరమును సాగదీయుటకు వీలగును. కాని సరిదిద్దు సాధనమును మొత్తము లోహముల పొత్తుకుదరని తగవు తీర్చుటకే వెచ్చింపరాదు గదా. ఆ సాధనమునకు వేఱు పనులు కలవు. విద్యుత్‌క్షేత్రము తన ఒత్తిడిచేతనే కుహరపు గోడలను మైక్రాను, రెండు మైక్రాన్‌ల మేర వంచుచుండును. దానిని ప్రతి స్పందనమునందును ఎదురుకొనవలెను. అందుచేత మొదటి రూపకల్పనలోనే, నయోబియము ఎట్లు ముడుచుకొనునో అట్లే ముడుచుకొను లోహమును వెదకిరి. ఆ వెదకులాటలో బలము ప్రధానమైన అర్హత కాలేదు. ఈ తొడుగు మోయవలసిన ఒత్తిడి సామాన్యమైనది. దానిని అనేక లోహములు మోయగలవు. కావలసినది పొరుగువానితో సమముగా నడచు గుణము.

మఱి మూడు అర్హతలు కూడ టైటానియమునకు కలిసివచ్చినవి. నయోబియము అతివాహకముగా మాఱుచున్నపుడు చుట్టుపట్ల అయస్కాంతక్షేత్రమున్నచో, ఆ క్షేత్రము లోహములో చిక్కుకొని శక్తినష్టమును కలిగించును. భూమియొక్క సహజ క్షేత్రమే అందుకు చాలును గనుక, ప్రత్యేకమైన కవచముతో దానిని తొలగింతురు. అట్టి చోట కుహరమును ఆనుకొనియున్న తొడుగే అయస్కాంత గుణము కలదైనచో కవచము వ్యర్థము. స్టెయిన్‌లెస్ స్టీలు అతుకు వేసిన చోట్ల కొంత అయస్కాంతత్వమును పొందుట కలదు. టైటానియమునకు ఆ దోషము లేదు. రెండవది, సాధారణపు ఉక్కు హీలియపు చలిలో గాజువలె పెళుసుబాఱును. ఆమ్లజని తక్కువగానున్న శుద్ధ టైటానియము అంతటి చలిలోను సాగుగుణమును కోలుపోదు. మూడవది, నయోబియమును టైటానియమును కరగించి కలిపినచో అవి ఒకదానిలో నొకటి ఇమిడిపోవును. మధ్య పెళుసైన సమ్మేళనము పుట్టదు. కావున కుహరపు చివరలను నయోబియము, టైటానియము కలిసిన మిశ్రలోహపు బిళ్లలతో ముగించి, ఆ బిళ్లలకు టైటానియపు తొడుగును అతికెదరు. స్టీలును నయోబియమునకు ఇట్లు నేరుగా అతుకుట సాధ్యము కాదు. స్టీలు తొడుగులను ఎన్నుకొన్న పరిశోధనశాలలు లేకపోలేదు; వారు రాగితో టంకము పెట్టి ఆ చిక్కును దాటుచున్నారు. హాంబర్గువారు 1990 దశకమున టెస్లా అను త్వరణయంత్ర ప్రయోగములలో టైటానియమును నిశ్చయించుకొని, తరువాత దాదాపు 800 కుహరములు చేయించునపుడు కూడ ఆ నిశ్చయమును మార్చుకొనలేదు. నా అభిప్రాయమున అది సరియైన నిర్ణయము.

ఇక ఈ "శుద్ధ" టైటానియము ఎంత శుద్ధమో విచారింపవలెను. సంపూర్ణ శుద్ధమైన లోహము ప్రయోగశాలలో దొరకునేమో గాని, బజారులో దొరకదు. వర్తకమున శుద్ధ టైటానియము నాలుగు తరగతులుగా నున్నది. ఆ నాలుగింటికి గల ముఖ్యభేదము వానిలోని ఆమ్లజని పాలు మాత్రమే. మొదటి గ్రేడులో నూటికి 0.18 పాళ్లు మించి ఆమ్లజని ఉండరాదు, రెండవదానిలో 0.25, మూడవదానిలో 0.35, నాలుగవదానిలో 0.40. ఇనుము, నత్రజని, కర్బనము, ఉదజని కూడ కొలతకు లోబడియే యుండును గాని, నడిపించునది ఆమ్లజని. నూటికి ఇరువది రెండు శతాంశముల ఈ భేదము ఎంత పని చేయునో చూడుడు: మొదటి గ్రేడు లాగుడు బలము కనీసము 240 మెగాపాస్కలులు, రెండవది 345, మూడవది 450, నాలుగవది 550. ఆమ్లజని పరమాణువులు టైటానియపు స్ఫటికములోని సందులలో ఇఱుకుకొని, పొరలు ఒకదానిపై నొకటి జాఱకుండ అడ్డుపడును. జాఱనిచో లోహము గట్టిపడును. గట్టిపడిన కొలదిని వంగుట, సాగుట తగ్గును.

కావున తరగతిని ఎన్నుకొనుట యనగా ఎంత ఆమ్లజని కావలెనో ఎన్నుకొనుట. లోతుగా నొక్కి అచ్చు వేయవలసిన రేకునకు మొదటి గ్రేడు తగును. సముద్రజలముతో చల్లార్చు పలకల ఉష్ణవినిమయ యంత్రములలో ముడుతలు ముడుతలుగా నొక్కబడిన పలుచని పలకలు దానితో చేసినవే. దవడ యెముకలో నాటు దంతపు మరలు సన్నగా నుండియు నమలుటలోని భారమును భరింపవలెను గనుక వానికి నాలుగవ గ్రేడును ఎక్కువగా వాడుదురు. మధ్యస్థమైన పనులన్నింటికి, అనగా గొట్టములకు, తొట్లకు, కవచములకు, రెండవ గ్రేడు. జర్మనీ దేశపు కర్మాగారములలో ఈ రెండవ గ్రేడును 3.7035 అను పదార్థసంఖ్యతో పిలుచుట వాడుక. అల్యూమినియము ఆఱు పాళ్లు, వెనేడియము నాలుగు పాళ్లు కలిపిన ప్రసిద్ధ మిశ్రలోహము వీని కంటె ఎంతయో బలిష్ఠము. కాని దానిని చల్లని స్థితిలో వంచుట దుర్ఘటము. హాంబర్గులోనే ఫింకెన్‌వెర్డరు వద్ద విమానములు కూర్చు ఎయిర్‌బస్ కర్మాగారమునకును, లేజరు కిరణముతో లోహచూర్ణమును పొరలు పొరలుగా కరగించి భాగములు నిర్మించు విద్యలో పేరొందిన బెర్గెడోర్ఫు పరిశోధనశాలకును ఆ మిశ్రలోహము ముఖ్యము. బలము, తేలిక యను రెండును కావలసినచోట అదియే ఉచితము. బలము ప్రధానము కానిచోట దానిని వాడుట రూపకర్త ఆలోచింపకుండుటకు గుఱుతు.

ఆమ్లజనిపై టైటానియమునకు గల దాహము ఇంతటితో తీరదు. నిజమునకు ఈ లోహపు మంచి చెడ్డలన్నియు ఆ ఒక్క దాహము నుండియే పుట్టినవని చెప్పవచ్చును. గాలి తగిలిన క్షణముననే టైటానియపు ఉపరితలము ఆమ్లజనిని పట్టుకొని కొన్ని నానోమీటర్ల మందముగల పొరను కప్పుకొనును. ఆ పొర లోహమును గట్టిగా అంటిపెట్టుకొనియుండును. గీఱినచో, నీరో గాలియో ఉన్నంతవఱకు, వెంటనే మఱల ఏర్పడును. ఉప్పునీరు, క్లోరైడులు, నత్రికామ్లము దానిని ఏమియు చేయజాలవు. మానవశరీరములోని ద్రవములును అంతే. 1952లో స్వీడనుదేశపు లుండు నగరమున పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్కు కుందేలు ఎముకలో అమర్చిన టైటానియపు పరికరమును తీయబోగా అది ఎముకతో ఏకమై ఊడి రాలేదు. ఆనాటి ఆ పరిశీలన నుండి 1965లో మనుష్యుని దవడకు తొలి నాటింపు జరిగినది. ఎముక నేరుగా తాకుచున్నది లోహమును కాదు, దాని ఆమ్లజని పొరను.

ఆ పొరను విద్యుత్తుతో దళసరి చేయవచ్చును. తేలికైన ఆమ్లజలములో లోహమును ధనధ్రువముగా నుంచి వోల్టులు పెంచుచు పోయినచో ముందు గోధుమ వన్నె, పిమ్మట ముదురు నీలము, లేత నీలము, బంగారు వన్నె, గులాబి, ఆకుపచ్చ క్రమముగా కనిపించును. అందు రంగుద్రవ్యమేమియు లేదు. పొర పైతలము నుండియు అడుగు తలము నుండియు మఱలివచ్చు కాంతితరంగములు ఒకదానిలో నొకటి కలిసి కొన్ని వర్ణములను అణచి కొన్నింటిని నిలుపును. ఆభరణములు చేయువారు దీనిని అలంకారమునకు వాడుదురు. శస్త్రచికిత్సలో మరల కొలతలను రంగును బట్టి గుర్తించుటకు వాడుదురు.

ఇదే రంగు అతుకు వేయువానికి హెచ్చరిక యగును. టైటానియపు అతుకును నేను చూడదగిన హస్తకౌశలములలో ఒకటిగా ఎంచెదను. ఎఱ్ఱగా కాలిన టైటానియము ఆమ్లజనిని, నత్రజనిని, ఉదజనిని పైపొరలో ఆపక లోనికి పీల్చుకొనును. పీల్చుకొన్న చోట పెళుసుబాఱును. అందుచేత కరగిన గుంటకు మాత్రమే గాక, దాని వెనుక చల్లారుచున్న గీతకును, రేకు అడుగు భాగమునకును కూడ ఆర్గాను వాయువు కప్పవలెను. అతుకు పనిముట్టు వెనుక పొడవైన తోకవంటి పెట్టె కట్టి దానినుండి ఆర్గానును వదలుచుందురు. మిగుల ముఖ్యమైన భాగములైనచో వాయువు నిండిన మూసిన పెట్టెలో, చేతితొడుగుల ద్వారా, పని జరుపుదురు. చేయి కడుగక తాకిన నూనె మఱక చాలును అతుకు చెడుటకు. పని ముగిసిన పిదప పరీక్షకుడు మొదట చూచునది రంగు. వెండివలె తెల్లగా మెఱసినచో అతుకు మంచిది. లేత గడ్డి వన్నె అంగీకరింపదగినదే. నీలము వచ్చినచో సందేహము. బూడిద వన్నెయో తెల్లని పొడియో కనబడినచో ఆ భాగమును కోసి పారవేయవలసినదే; పైపొరను గీకి మెఱుగుపెట్టినందున లోని పెళుసుదనము పోదు. హాంబర్గు యంత్రపు తొడుగులకు ఈ పరీక్ష మఱింత కఠినము. 2.17 కెల్విన్‌ల దిగువన హీలియము అతిప్రవాహిగా మాఱి, సాధారణ ద్రవములు చొరలేని రంధ్రముల గుండ కూడ జాఱిపోవును. దాదాపు 800 తొడుగులలో ఒక్కదాని అతుకు కాఱినను దానిచుట్టు నున్న శూన్యము చెడి, పన్నెండు మీటర్ల గొట్టమంతయు పనికి రాకుండ పోవును.

ఈ దాహమును దోషముగా నెంచి దూరముంచుటయే గాక, పనికి పెట్టుటయు డేజీవారికి తెలియును. 1990 దశకపు కుహరములను శుద్ధిచేయుటకు, వానిని టైటానియముతో కూడ శూన్యపు కొలిమిలో 1400 డిగ్రీల వఱకు కాల్చిరి. ఆ వేడిమిలో టైటానియము ఆవిరియై నయోబియము పై పేరుకొని, దానిలో దాగిన ఆమ్లజనిని బయటికి లాగుకొనెడిది. పిదప ఆ టైటానియపు పొరను ఆమ్లముతో కడిగివేసెడివారు. తరువాత నయోబియపు రేకులే తగినంత శుద్ధముగా దొరకినందున ఎక్స్‌ఎఫ్‌ఈఎల్ కుహరములకు ఆ శ్రమ అవసరము కాలేదు; 800 డిగ్రీల కాల్పు చాలినది. కాని అదే విద్య నేటికిని ఆ సొరంగములో మఱొక రూపమున సాగుచున్నది. కుహరములకు శక్తిని అందించు సంధాయకముల శూన్యమును కాపాడుటకు టైటానియపు ఆవిరి పంపులు కలవు. వానిలోని టైటానియపు తీగను విద్యుత్తుతో కాల్చినపుడు లోహము ఆవిరియై గోడలపై తాజా పొరగా పడును. ఆ పొర దారి తప్పి తిరుగు ఆమ్లజని, నత్రజని, కర్బన వాయువుల అణువులను తాకినవి తాకినట్లు పట్టి బంధించును. కదలు భాగమొక్కటియు లేని పంపు అది. ఆ సంధాయకములలోని పింగాణి కిటికీలపై పూసిన పలుచని టైటానియపు నైట్రైడు పొర కూడ, దారితప్పిన ఎలక్ట్రానులు గుణించి పెరుగకుండ ఆపుచున్నది.

ఇంతటి ఉపకారి యైన లోహము ప్రియమైనదిగా నుండుటకును ఆ దాహమే హేతువు. భూమి పైపొరలో సమృద్ధిగా నున్న మూలకములలో టైటానియము తొమ్మిదవది. రాగి, సీసము, తగరము దాని ముందు అరుదైనవే. 1791లో ఇంగ్లండునందలి కార్న్‌వాలు ప్రాంతమున విలియం గ్రెగరు నల్ల ఇసుకలో దీనిని కనుగొనెను. 1795లో బెర్లినులో మార్టిన్ హైన్రిఖ్ క్లాప్రోతు మఱల కనుగొని, గ్రీకుపురాణములోని టైటనుల పేరు పెట్టెను. కాని ఖనిజమును బొగ్గుతో కాల్చి లోహమును రాబట్టు ఇనుపకొలిమి విద్య దీనియెడ పని చేయలేదు. బొగ్గులోని కర్బనమును కూడ అది మ్రింగి పెళుసైన సమ్మేళనమగును. 1910లో అమెరికాలో మాథ్యూ హంటరు సోడియము సాయముతో శుద్ధలోహమును తీసెను. లక్సెంబర్గు దేశస్థుడైన విల్హెల్ము క్రోలు మెగ్నీషియముతో తీయు మార్గమును చూపి 1940లో పేటెంటు పొందెను. 1948లో అమెరికాలోని డుపాంటు సంస్థ ఆ మార్గముననే వ్యాపారమునకు ఉత్పత్తి ఆరంభించెను. ఖనిజమును క్లోరినుతో కలిపి ద్రవముగా చేసి, ఆ ద్రవమును శుద్ధిచేసి, ఆర్గాను నిండిన ఉక్కుపాత్రలో కరగిన మెగ్నీషియముపై బొట్లు బొట్లుగా వదలి, మిగిలిన లవణమును శూన్యములో ఆవిరి చేసిన పిదప స్పంజివలె రంధ్రములుగల ముద్ద మిగులును. దానిని శూన్యములో విద్యుదార్చితో కరగించి దిమ్మలు పోయవలెను. ఒక్కొక్క పాత్ర పని రోజుల తరబడి సాగును. ఎనుబది యేండ్లు గడచినను ఇంతకంటె చవుకైన మార్గము దీని స్థానమును ఆక్రమింపలేదు.

వస్తువులు రూపొందించువారు టైటానియపు తేలికను, చెక్కుచెదరని కాంతిని చూచి ముచ్చటపడుదురు. సహజమే. 1970లో జపానుదేశపు సిటిజన్ సంస్థ టైటానియపు గుల్లతో చేతిగడియారమును చేసెను. 1997లో తెఱచిన స్పెయినునందలి బిల్బావో గుగెన్‌హైము ప్రదర్శనశాల గోడలను మిల్లీమీటరులో సగము మందమైనను లేని టైటానియపు రేకులు కప్పియున్నవి. కండ్లజోళ్లు, వంటపాత్రలు, సైకిళ్లు వచ్చినవి. కాని ఈ లోహపు మొండితనమును ఎఱుగక దిగువారు నష్టపోవుదురు. ఘనసెంటీమీటరునకు నాలుగున్నర గ్రాములు మాత్రమే తూగు ఈ లోహము ఉక్కులో సగము బిఱుసుదనమునే కలది; అదే మందమున చేసిన కడ్డీ రెండింతలు వంగును, వంచి విడచినచో చాల మేర వెనుకకు తిరిగి వచ్చును. వేడిని సరిగా మోయదు; కోయుచున్నపుడు పుట్టిన వేడి అంతయు పనిముట్టు మొనయందే నిలుచును, సన్నని పొట్టు నిప్పంటుకొనుటయు కలదు. మరయు నట్టును రెండును టైటానియమైనచో బిగించునపుడు ఒకదానినొకటి కొఱుకుకొని విడదీయరాకుండ పట్టుకొనును. వంటపాత్రగా చేసినచో మంట తగిలిన చోట మాడును, తగులని చోట ఉడుకదు. ఇవన్నియు తెలిసి, గుండ్రని మూలలు, దీర్ఘమైన వంపులు, విడదీయనక్కఱలేని అతుకులు ఎన్నుకొనువాడే ఈ లోహముతో మంచి వస్తువు చేయును. హాంబర్గు తొడుగు అట్టిది: గుండ్రని గొట్టము, కొద్దిపాటి అతుకులు, ఒక బెల్లో. దానిలో టైటానియము తనకు చేతకాని పని ఒక్కటియు చేయవలసిన అవసరము లేదు.

మన ప్రాంతమునకు ఈ విషయము దూరమైనది కాదు. భీమునిపట్నము మొదలుకొని శ్రీకాకుళపు తీరము వఱకు అలలు తెచ్చి పేర్చు నల్లని ఇసుకలో ఇల్మెనైటు అను టైటానియపు ఖనిజము కలదు. ప్రపంచమునందు తీయు ఈ ఖనిజములో అత్యధిక భాగము లోహము కాకుండనే తెల్లరంగు పొడియై గోడలకును కాగితములకును పోవుచున్నది. లోహము చేయు విద్య కూడ మన యొద్ద నున్నది. హైదరాబాదులోని రక్షణ లోహశోధన ప్రయోగశాల క్రోలు మార్గమును స్వదేశమున సాధించినది. ఆ విద్యతోనే కేరళలోని చవరలో ఏడాదికి 500 టన్నుల స్పంజి చేయు కర్మాగారము 2011లో ప్రారంభమైనది. అదే హైదరాబాదులో, కంచన్‌బాగున, 1973లో నెలకొన్న మిశ్రధాతు నిగమము ఆ స్పంజిని కరగించి దిమ్మలు, రేకులు, కడ్డీలు చేయుచున్నది. క్షిపణులకు, అంతరిక్ష వాహనములకు, జలాంతర్గాములకు ఈ లోహము పోవుట సముచితమే.

అయినను మన ఇంజనీరింగు విద్యార్థులతోను, చిన్న కర్మాగారములవారితోను నేను ఒక్క మాట చెప్పదలచితిని. కాకినాడ నుండి నెల్లూరు వఱకు తీరమందున్న రొయ్యపిల్లల కేంద్రములలో రాత్రింబగళ్లు ఉప్పునీరు గొట్టములలో తిరుగుచున్నది, వేడిచేయబడుచున్నది, వడకట్టబడుచున్నది. ఇనుము అక్కడ త్వరలో తుప్పు పట్టును. స్టెయిన్‌లెస్ స్టీలునకును క్లోరైడులు కాలక్రమమున గుంటలు పెట్టును. రాగి కరగి నీటిలో చేరినచో రొయ్యపిల్లలకు విషము. రెండవ గ్రేడు శుద్ధ టైటానియముతో చేసిన సన్నని తాపనగొట్టము వీని మూడింటి కంటె మొదట ఖరీదైనను, తుప్పునకు మార్చవలసిన పని లేదు, నీటిని చెఱుపదు. దానిని వంచి అతుకుటకు పెద్ద కొలిమి అక్కఱలేదు. ఆర్గాను సీసా, శుభ్రమైన గది, ఓపికగల చేయి చాలును. ఈ మూడింటిని సమకూర్చుకొని పని నేర్చిన యువకులు తీరమందలి ఒక్కొక్క జిల్లాలో పదుగురైనను ఉండవలెను.